మజూరీ ఒక్కటే మిగిలిన నగలు



పెళ్ళింట్లో ఒకావిడ మెడలో కొత్త నగ కనిపించిందనుకోండి. మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "బాగుందండీ, ఎన్ని తులాలు?" అని. కాస్త చనువున్న వాళ్ళమైతే "మజూరీ ఎంత పడిందేమిటి?" అని కూడా అడుగుతాం. చేసిన మనిషి ఎవరని మాత్రం అడగం. ఒకవేళ అడిగినా అది కొట్టు పేరు కోసమే గాని, ఆ చేతి పేరు కోసం కాదు.

పదేళ్ళ తర్వాత ఆ నగనే మార్చుకుందామని తీసికెళ్తాం. కొట్లో దాన్ని త్రాసులో వేస్తారు. రాళ్ళ బరువు తీసేస్తారు. లక్క బరువు తీసేస్తారు. తరుగు తీసేస్తారు. మజూరీ మాట ఎత్తనే ఎత్తరు. మనకు లెక్క కట్టి ఇచ్చేది లోహానికే. ఒక పనివాడు దీపం దగ్గర కూర్చుని, కళ్ళు చికిలించుకుని, రోజుల తరబడి చేసిన పనికి ఆ త్రాసులో వెల సున్నా. అది మనకు తెలిసిన సంగతే గనక బాధ కూడా పడం. "మజూరీ ఎలాగూ పోతుంది" అనుకునే కొంటాం.

ఈ లెక్కను పూర్తిగా తలకిందులు చేసి చూద్దామనుకున్న వాళ్ళు కొందరున్నారు. నగలోంచి బంగారం తీసేద్దాం, వజ్రం తీసేద్దాం, వెల గల పదార్థమేదీ వుంచొద్దు. అప్పుడు నగలో మిగిలేదేమిటో చూద్దాం అన్నారు వాళ్ళు. యూరప్‌లో, అమెరికాలో 1960ల నుంచి ఈ పని గట్టిగా సాగుతోంది. ఆర్ట్ జ్యూయలరీ అంటారు దీన్ని. అల్యూమినియం, రబ్బరు, నైలాను, కాగితం, ప్లాస్టిక్కు, ఇలాంటివన్నీ అందులోకి వచ్చాయి. ఇవాళ మీతో చెప్పాలనుకున్నది ఆ నగల సంగతే.

"ఓస్, ఇంతేనా? గిల్టు నగలు మనకు తెలీనివా?" అంటారేమో. కాదండీ. అక్కడే ముందు ఒక గీత గీసుకోవాలి. గిల్టు నగ, రోల్డుగోల్డు గొలుసు, ఇవి బంగారంలా కనిపించాలనే పుట్టాయి. ఎదుటివాళ్ళు బంగారమనుకుంటే అది గెలిచినట్టు, కాదని కనిపెడితే ఓడినట్టు. పాపం, వేసుకున్నవాళ్ళకు కూడా లోపల ఎక్కడో బెరుకే. నేను చెప్పే నగలు అలా నటించవు. అల్యూమినియం అల్యూమినియంలాగే వుంటుంది. రబ్బరు రబ్బరులాగే వుంటుంది. గిల్టు నగ కూడా బంగారాన్నే కొలమానంగా పెట్టుకుంటుంది. వీళ్ళు ఆ కొలమానమే వద్దన్నారు.

ఇంతకు ముందు ఎవరూ ఇలాంటి పని చేయలేదా అంటే, చేశారు. 1813లో నెపోలియన్ మీద యుద్ధానికి ప్రష్యా దేశంలో డబ్బు కావలసి వచ్చింది. రాజవంశపు స్త్రీలు పిలుపునిస్తే అక్కడి ఆడవాళ్ళు తమ బంగారు నగలు ఇచ్చేసి, బదులుగా ఇనప ఉంగరాలు తీసుకున్నారు. "బంగారమిచ్చి ఇనుము పుచ్చుకున్నాను" అనే అర్థం వచ్చే మాటలు వాటి మీద వుండేవి. బెర్లిన్ పోతపని వాళ్ళు నల్లటి ఇనుముతో లేసులాంటి సన్నటి హారాలు, చెవి లోలకులు చేసేవారు. కొన్నాళ్ళు ఆ వేళ్ళ మీద బంగారం కంటె ఇనుమే గౌరవం. మన దేశంలో 1962 చైనా యుద్ధమప్పుడు ఆడవాళ్ళు గాజులు తీసి రక్షణ నిధికి ఇచ్చిన సంగతి పెద్దవాళ్ళు చెబితే వినే వుంటారు. ఆ మరుసటి జనవరిలోనే, అంటే 1963లో, కొత్త నగలు పధ్నాలుగు కారట్లకు మించి చేయకూడదని మన ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. బంగారం అదుపు చట్టం పూర్తిగా పోయింది 1990లో. ఇవన్నీ అవసరానికి వచ్చినవి. ప్యారిస్‌లో రెనే లాలిక్ అనే ఆయన మాత్రం 1900 ప్రాంతాల్లో అవసరం లేకపోయినా, ఇష్టపడి, పశువుల కొమ్ములూ గాజూ తీసుకుని రాణులు పెట్టుకునేటంత నగలు చేశాడు.

ఇక అల్యూమినియం కథ వింటే నవ్వొస్తుంది. మనకది సత్తు గిన్నెల లోహం గదా! 1850లలో ఫ్రాన్సులో దాన్ని బంగారంతో జతచేసి ధనవంతుల గాజులు చేసేవారు. మట్టిలోంచి విడదీయటం అంత కష్టం అప్పట్లో. 1884లో అమెరికాలో వాషింగ్టన్ స్మారక స్తంభం చిట్టచివర పెట్టిన చిన్న శిఖరం అల్యూమినియంది. ఆనాడు దాని ధర వెండి ధరకు దగ్గరగా వుండేది. రెండేళ్ళకు, 1886లో, కరెంటుతో చవగ్గా తీసే పద్ధతి అమెరికాలో ఒకరూ ఫ్రాన్సులో ఒకరూ విడివిడిగా కనిపెట్టారు. ధర పడిపోయింది. అల్యూమినియం వంటింట్లోకి వచ్చి పడింది. లోహం అదే, మెరుపు అదే. మెడ మీంచి పొయ్యి మీదకు దిగింది, అంతే.

ఆ పొయ్యి దగ్గర్నించే దాన్ని మళ్ళీ మెడ మీదకు ఎక్కించారు హాలండులో ఒక భార్యాభర్తలు. ఆయన పేరు ఖైస్ బాకర్, ఆవిడ పేరు ఎమీ వాన్ లేర్సుమ్. ఇద్దరూ బంగారప్పని, లోహప్పని పద్ధతిగా చదువుకున్నవాళ్ళే. చేతకాక బంగారం వదిలేసిన వాళ్ళు కారు. ఈ ముక్క గుర్తుంచుకోవాలి. 1966లో పెళ్ళి చేసుకుని, ఉట్రెక్ట్ అనే వూళ్ళో కాలవగట్టు కింద నేలమాళిగలో పనిశాల పెట్టుకున్నారు. చలిదేశం గనక అక్కడ ఇళ్ళల్లో కొలిమిలాంటి పొయ్యిలుంటాయి. వాటి పొగ బయటికి పోవటానికి రేకు గొట్టాలుంటాయి. ఆ పొగగొట్టాన్నే తీసుకుని 1967లో బాకర్ ఒక కంఠాభరణం చేశాడు. మెడ చుట్టూ నిలబడి భుజాల మీదకు దిగే పెద్ద అల్యూమినియం పట్టీ అది. ఎమీ కూడా అలాంటివే పెద్ద పెద్ద పట్టీలు చేసింది. ఆ ఏడే ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో ప్రదర్శన పెట్టారు. అద్దాల పెట్టెల్లో పెట్టి చూపించటం కాదు; ఆ నగలకు తగ్గట్టు సాదా బట్టలు కుట్టించి, మనుషులు వాటిని వేసుకుని నడిచేట్టు చేశారు.

అంత పెద్ద నగ బంగారంతో చేస్తే ఏమయ్యేదో ఆలోచించండి. ధర మాట అటుంచండి, బరువు చూడండి. ఒక గిన్నెడు నీళ్ళు ఒక కిలో తూగితే, అదే గిన్నెడు అల్యూమినియం రెండు కిలోల ఏడువందల గ్రాములు తూగుతుంది. బంగారమైతే పందొమ్మిది కిలోల పైమాటే. మెడ నిలబడదు. అంటే అల్యూమినియం ఇక్కడ చవకని వచ్చింది కాదు. ఆ ఆకారం దానితోనే సాధ్యం. ఎమీ చేతి గాజులైతే ఇంకా నిరాడంబరం. ఒక గొట్టం ముక్క, దానికి ఒక కోత, ఒక చిన్న మలుపు. అంతకన్న ఏమీ లేదు. రాయి లేదు, చెక్కడం లేదు. ఆ మలుపు ఎక్కడ పెట్టాలన్నదే పనంతా. 1984లో చనిపోయేదాకా ఆవిడ ఆ తీరులోనే చేసింది. చివరి సంవత్సరాల్లో నైలాను, ప్లాస్టిక్కు కూడా పట్టింది.

బాకర్ 1973లో చేసినది వింటే మీకు వింతగా వుంటుంది. బంగారు తీగ సన్నటిది తీసుకుని చేతికో కాలికో నడుముకో బిగించి కట్టటం. కాసేపయ్యాక తీసేయటం. చర్మం మీద మిగిలిన ఒత్తిడి గీత, అదే నగ! నీడ నగలు అని పేరు పెట్టాడు. పిచ్చి అంటారా? నేనూ మొదట ఫోటో చూసినప్పుడు అలాగే అనుకున్నాను. కాని రాత్రి బిగుతు గాజులు తీశాక మణికట్టు మీద, వొడ్డాణం తీశాక నడుం మీద, కాసేపు వుండిపోయే గీత మనకు తెలియనిది కాదు. లోహం బీరువాలోకి వెళ్ళిపోయాక నగ ఒంటికి చేసిన గుర్తు అది. దాన్నెవరూ తూచలేరు, తాకట్టు పెట్టలేరు.

పదార్థం మారితే నగ చేసే పని కూడా ఎలా మారుతుందో చెప్పటానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇంగ్లండులోని కరోలిన్ బ్రాడ్‌హెడ్ అనే ఆవిడది. 1970ల చివర ఆవిడ నైలాను కుచ్చులతో కంకణాలు చేసింది. టూత్‌బ్రష్షుకు వుండే కుచ్చులు చూడండి, అలాంటివే, ఇంకాస్త పొడుగు. ఒక చక్రానికి లోపలివైపు మధ్యకు తిరిగేట్టు దట్టంగా అమర్చింది. చెయ్యి పెడితే కుచ్చులు వంగి దారి ఇస్తాయి. చెయ్యి దూరాక మళ్ళీ లేచి మణికట్టును మెత్తగా పట్టుకుంటాయి. గాజులవాడి దగ్గర కూర్చుని, రెండుంబావా రెండున్నరా అని కొలతలు చూసుకుని, సబ్బు నురగ రాసి, ఎముక దగ్గర అబ్బా అని కళ్ళు మూసుకునే మనకు ఈ కంకణం విలువ ఇట్టే తెలుస్తుంది. ఏ చేతికైనా సరిపోతుంది. బంగారంతో ఈ పని చేయించలేం. నైలానుకు మాత్రమే వచ్చిన విద్య అది. 1983లో ఆవిడే నైలాను పోగులతో చేసిన మరో హారం వుంది. మెడలో ముడుచుకుని వుంటే హారం; పైకి లాగితే ముఖమంతా కప్పే మేలిముసుగు.

ఇలాంటి నగ చూసినప్పుడు మంచిదా కాదా తేల్చుకోవటానికి నేను పెట్టుకున్న ప్రశ్న ఇదే. ఈ పదార్థం ఇక్కడ తాను మాత్రమే చేయగల పని ఏదైనా చేస్తోందా? లేక వింతగా వుంటుందని తెచ్చి అతికించారా? వింతవన్నీ మంచివి కావు. సీసామూతలు గుచ్చి మెళ్ళో వేసుకున్నంత మాత్రాన కళ అయిపోదు. ఈ రంగంలో అలాంటి సరుకు కూడా తక్కువేం లేదు లెండి.

అమెరికాలో ఆర్లీన్ ఫిష్ అనే ఆవిడ పని మన కుట్లూ అల్లికలూ తెలిసిన వాళ్ళకు మరీ దగ్గర. శాన్ డియెగోలోని విశ్వవిద్యాలయంలో 1961లో నగల పని నేర్పే శాఖ మొదలుపెట్టింది ఆవిడ. బట్ట నేసే, అల్లే పద్ధతులన్నీ లోహపు తీగతో చేయవచ్చునని చూపించి, 1975లో దాని మీద ఒక పుస్తకమే రాసింది. క్రోషే, స్వెట్టరల్లిక, జడ అల్లిక, లేసు అన్నీ వెండి తీగతో, రాగి తీగతో! నరసాపురం లేసు అల్లే చేతులకు దారం బదులు తీగ ఇచ్చినట్టు అనుకోండి. తీగ అల్లిక మనకూ కొత్తది కాదు. తిరుచిరాపల్లి వెండి తీగ గొలుసులు ఎంత పేరుపడ్డాయంటే, ఎక్కడో ఉత్తర యూరప్ తవ్వకాల్లో అలాంటి గొలుసులు దొరికితే ఇంగ్లీషువాళ్ళు వాటికి ఆ వూరి పేరే పెట్టారు.

అయితే తీగ దారం కాదు. కమ్మచ్చులోంచి లాగిన తీగ మొదట బిరుసుగా వుంటుంది. దాన్ని నిప్పు మీద కాచి చల్లార్చితే మెత్తబడుతుంది. అల్లుతున్న కొద్దీ, వేళ్ళ కింద వంగిన కొద్దీ మళ్ళీ బిరుసెక్కుతుంది. అందుకని వూలులాగా నాలుగు వరసలు తప్పాయని విప్పి మళ్ళీ అల్లటానికి వీల్లేదు. ఒకటి రెండు సార్లకు పుటుక్కున తెగుతుంది. కాని ఆ బిరుసే దాని మంచి గుణం కూడా. దారంతో అల్లిన లేసు వాలిపోతుంది. తీగ లేసు ఎలా మలిచితే అలా నిలబడుతుంది. ఆవిడ చేసిన పెద్ద పెద్ద కాలర్లు కుచ్చిళ్ళతో సహా గాలిలో లేచి నిలుస్తాయి. వందల ఏళ్ళుగా ఆడవాళ్ళ కాలక్షేపమని పక్కన పెట్టిన అల్లికను ఆవిడ లోహప్పని బడిలో పాఠంగా పెట్టింది. నన్నడిగితే ఇది పొగగొట్టం కన్న తక్కువ విప్లవమేం కాదు.

ఇప్పుడు కాస్త రంగుల సంగతి. ఈ నగల్లో టైటానియం అనే లోహం తరచు కనిపిస్తుంది. 1970లలో నగల పనిలోకి వచ్చింది. అసలు రంగు బూడిద. కాని నీలం, ఊదా, బంగారు పసుపు, ఆకుపచ్చ, నెమలి కంఠపు రంగు, అన్నీ దాని మీద చూస్తాం. రంగు వేశారనుకుంటాం. వేయలేదు. వానాకాలం రోడ్డు మీద నీళ్ళలో కిరసనాయిలు చుక్క పడితే ఇంద్రధనుస్సు రంగులు పరుచుకోవటం చూశారు గదా? సబ్బు బుడగ మీద కూడా అంతే. కిరసనాయిల్లోనూ సబ్బులోనూ ఆ రంగులు లేవు. పలచటి పొర పైభాగం నుంచి కొంత వెలుగూ, అడుగుభాగం నుంచి కొంత వెలుగూ తిరిగి వచ్చి ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఆ కలయికలో కొన్ని రంగులు చెరిగిపోతాయి, కొన్ని గట్టిపడతాయి. పొర మందాన్ని బట్టి మనకు కనిపించే రంగు.

టైటానియం మీద కూడా అలాంటి పొరే పెంచుతారు. లోహాన్ని ఉప్పులాంటి పదార్థం కరిగిన నీళ్ళలో ముంచి కరెంటు పంపిస్తే పైన ఒక పొర తయారవుతుంది. వెంట్రుక మందంలో వందో వంతు కూడా వుండదది. ఎంత వోల్టేజి ఇస్తే అంత మందం. సుమారు ముప్ఫై వోల్టుల దగ్గర నీలం వస్తుంది, అరవై దగ్గర పసుపు, వంద దగ్గరకు వచ్చేసరికి ఆకుపచ్చ. పనివాళ్ళు ఒక చోట మైనం లాంటిది పూసి కప్పి, ఇంకో చోట పొర పెంచి, ఒకే రేకు మీద సూర్యాస్తమయం అంతా చూపిస్తారు. ఇది ఇంట్లో చేసి చూసే పని కాదు సుమండీ. నీళ్ళూ కరెంటూ ఒకచోట చేరితే ప్రాణాంతకం.

అల్యూమినియం సంగతి వేరు. దాని మీద పెరిగే పొరలో కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాల్లోకి బట్టలకు అద్దినట్టే రంగు అద్ది, మరిగే నీళ్ళలో వేస్తే రంధ్రాలు మూసుకుపోయి రంగు లోపల నిలిచిపోతుంది. మన వంటింట్లో నల్లటి హార్డ్ ఆనోడైజ్డ్ కుక్కరు మీద వున్నది కూడా పూత కాదు, ఇలా పెంచిన పొరే. ఇక్కడ పొరే మందంగా, గట్టిగా పెంచుతారు, అంతే తేడా.

టైటానియాన్ని మామూలు కుంపటి మీద అతకటానికి వీల్లేదు. కాగితే గాలితో కలిసి పెళుసెక్కిపోతుంది. అందుకని మేకులతో, మడతలతో, మరలతో బిగించాల్సిందే. అతుకు దాచటానికి వీలు లేదు గనక అతుకునే అందంగా చేయటం అలవాటు చేసుకున్నారు.

ఇందులో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. చవక లోలకులు పెట్టుకుంటే చెవి తమ్మెలు ఎర్రబడి, దురదపెట్టి, రసి కారేవాళ్ళు మనలో చాలామంది. ఎక్కువసార్లు దానికి కారణం అందులో కలిసిన నికెలు. యూరప్ దేశాలు చర్మానికి తగిలే నగల్లో నికెలు మీద 1994లోనే ఆంక్షలు పెట్టాయి. టైటానియం, దాని చెల్లెలులాంటి నయోబియం అలా బాధించవు. విరిగిన ఎముకలకు ఒంట్లో వేసే పలకలు టైటానియంతో చేస్తున్నారంటే చూసుకోండి. కాకపోతే ఆ రంగు పొర రాపిడికి ఆగదు. చెవికి మంచిది, అంట్లు తోమే చేతికి ఉంగరంగా మంచిది కాదు.

ఇప్పుడు అసలైన తిరకాసు మనిషి దగ్గరకు వద్దాం. ఓటో కుంజ్లి. స్విట్జర్లాండులో 1948లో పుట్టాడు, జర్మనీలో మ్యూనిక్‌లో స్థిరపడ్డాడు. అక్కడి కళాశాలలో 1991 నుంచి 2014 దాకా నగల పని నేర్పే ఆచార్యుడు. 1980లో ఆయన ఒక గాజు చేశాడు. నల్లటి రబ్బరు గొట్టం చుట్టి రెండు కొసలూ కలిపేశాడు. చూడటానికి అంతే. ఒకచోట మాత్రం పాము కప్పను మింగినట్టు కాస్త ఉబ్బుగా వుంటుంది. లోపల ఒక బంగారు గుండు! బయటికి కనిపించదు. దాని పేరు "బంగారం గుడ్డివాళ్ళను చేస్తుంది".

మన గుండ్లపేరు గుర్తు తెచ్చుకోండి. పైన పలచటి బంగారం రేకు, లోపల లక్క. అందరికీ కనిపించేది బంగారం, ఎవరికీ కనిపించనిది లక్క. కుంజ్లి దీన్ని తిరగేశాడు. ఆ గాజు వేసుకున్నావిడ బజారులో నడిస్తే ఎవరూ తిరిగి చూడరు. తన దగ్గర బంగారముందని తనకు తెలుసు. అదైనా తెలుసునా? కోసి చూస్తే గాని నిజంగా బంగారమో సీసమో రుజువు లేదు. కోస్తే గాజు పోయింది. కాబట్టి చేసినవాణ్ణి నమ్మాలి. ఎవరికీ చూపించటానికి లేని బంగారం మనకు కావాలా అని ఆ గాజు అడుగుతుంది. నాకైతే వెంటనే జవాబు తోచలేదు. మనలో చాలామంది బంగారం బాంకు లాకర్లోనే వుంటుంది గదా, అదీ ఎవరికీ కనిపించనిదే! కాని "వుంది" అని నలుగురికీ తెలియాలి. అదీ తేడా.

ఆయనే 1985, 86లలో ఒక గొలుసు చేశాడు. పత్రికలో ప్రకటన ఇచ్చి జనం వాడి వదిలేసిన పెళ్ళి ఉంగరాలు కొన్నాడు. అలాంటివి నలభై ఎనిమిది ఉంగరాలు ఒకదాన్నొకటి పట్టుకునేట్టు కలిపాడు. అక్కడి పెళ్ళి ఉంగరాలకు లోపలివైపు పేర్లూ పెళ్ళి తేదీలూ చెక్కించుకునే ఆచారముంది. చూస్తే సాదా బంగారు గొలుసు. అచ్చంగా బంగారం, మంచి బరువు. కాని అదేమిటో తెలిశాక మెడలో వేసుకోవటానికి చెయ్యి రాదు. పెళ్ళి ఉంగరాన్ని మనిషి ఎప్పుడు అమ్ముకుంటుంది? ఆ నలభై ఎనిమిది ఇళ్ళల్లో ఏం జరిగి వుంటుంది? మన దగ్గర ఎవరైనా ఎవరెవరివో మంగళసూత్రాలు పోగుచేసి గొలుసు చేస్తే ఎలా వుంటుందో ఆలోచించండి. ఒళ్ళు జలదరించటం లేదూ? త్రాసు మాత్రం ఆ గొలుసును మామూలు బంగారంగానే తూచుతుంది. బంగారం వెలివేయకుండా, బంగారంతోనే ఆయన ఈ మాట చెప్పాడు.

ఎందుకంటున్నానంటే, బంగారం పూర్తిగా మానెయ్యాలన్న పట్టుదల మీద వాళ్ళలో వాళ్ళకే పెద్ద తగాదా వచ్చింది. హాలండులోనే రాబర్ట్ స్మిట్ అనే కళాకారుడు చాలాకాలం నగల పని మానేసి బొమ్మలు గీసుకుని, 1985లో ఆమ్‌స్టర్‌డామ్‌లో గాలరీ రా అనే చోట మళ్ళీ నగల ప్రదర్శన పెట్టాడు. అన్నీ బంగారంతో చేసినవే, బొమ్మ గీసినంత స్వేచ్ఛగా. పొగగొట్టం బాకర్‌కు కోపమొచ్చింది. ఇన్నేళ్ళు కష్టపడి వదిలించుకున్న బంగారాన్ని మళ్ళీ లోపలికి తెస్తావా అని బహిరంగంగానే లేఖ రాశాడు. స్మిట్ కూడా ఊరుకోలేదు.

నా మొగ్గు స్మిట్ వైపే. బంగారం వుంటేనే నగ అనటం ఎంత పొరపాటో, బంగారం వుంటే నగ కాదనటమూ అంతే. రెండో మాటలో కూడా పెత్తనం బంగారానిదే. దాన్ని చూసి భయపడటం కూడా ఒకరకం భక్తే గదా! తర్వాత తర్వాత బాకర్ కూడా తన నగల్లో బంగారం, వజ్రాలు వాడాడు లెండి.

మరి మన్నిక మాటేమిటని మీరు అడగవచ్చు. అడగాల్సిందే. బాకర్ 1982లో గులాబీ పువ్వు ఫోటో, మంచు బిందువులతో సహా, పెద్దది చేయించి పీవీసీ ప్లాస్టిక్కు పొరల మధ్య పెట్టి హారంగా చేశాడు. భుజాలంతా గులాబీ రేకులే. చాలా అందంగా వుంటుంది. కాని పీవీసీకి ఆయుష్షు తక్కువ. మెత్తదనం కోసం కలిపిన పదార్థం ఏళ్ళ తరబడి బయటికి ఊరి జిగటవుతుంది. ప్లాస్టిక్కు పసుపుపచ్చబడి, బిరుసెక్కి, పగుళ్ళిస్తుంది. రబ్బరు గాలికీ వెలుగుకీ పొడిబారి చిట్లుతుంది. రెండువేల ఏళ్ళ నాటి బంగారం మట్టిలోంచి తీసి తుడిస్తే నిన్న చేసినట్టుంటుంది. ఈ లెక్కన బంగారానిదే గెలుపు అనిపిస్తుంది.

కాని రెండోవైపు కూడా చూడండి. మన అమ్మమ్మల నాటి కంటెలు, నాగరాలు, జడబిళ్ళలు ఎన్ని మిగిలాయి? లోహం పాడైపోయి పోలేదు అవి. కూతురి పెళ్ళికి చంద్రహారం కావాలని ఒకటి, అల్లుడి గొలుసుకని ఒకటి, అప్పు తీర్చటానికని ఒకటి, మూసలో పడి కరిగిపోయాయి. ఏ గుణం చూసి వాటిని దాచుకున్నామో ఆ గుణమే వాటిని మింగేసింది. పీవీసీ హారాన్ని ఎవరు కరిగిస్తారు? కరిగిస్తే ఏమొస్తుంది? దాని వెల అంతా మజూరీయే. ఆ పనిని ఇష్టపడ్డవాళ్ళు వున్నంతవరకు అది వుంటుంది, లేకపోతే చెత్తబుట్టలోకి పోతుంది. కొనేటప్పుడే ఆ సంగతి తెలిసి కొనాలి. కష్టకాలంలో తాకట్టుకు పనికొచ్చే నగ కాదిది. బంగారం తప్ప తన పేరున మరో ఆస్తి లేని ఆడదానికి "బంగారం వద్దమ్మా, రబ్బరు గాజు వేసుకో" అని ఎవరైనా సలహా చెబితే నేనే పోట్లాడతాను. హాలండులో ఆ ప్రయోగాలు చేసినవాళ్ళు తమ దేశంలో, తమ కాలంలో చేశారు. మన లాకరు తాళాల వెనక వున్న భయాలు వాళ్ళవి కావు.

ఇప్పుడు మ్యూజియాల వాళ్ళకు ఈ నగల్ని కాపాడటమే పెద్ద పని. జర్మనీలో ఫోర్జ్‌హైమ్ అనే వూళ్ళో నగలకే ఒక మ్యూజియం వుంది, పాతకాలం బంగారం నుంచి ఈనాటి ప్రయోగాల దాకా. అమెరికాలో హ్యూస్టన్ కళామ్యూజియం 2002లో ఇలాంటి నగల పెద్ద సేకరణ ఒకటి సంపాదించింది. ప్లాస్టిక్కు, రబ్బరు నగల్ని చల్లటి చీకటి చోట, గాలి ఆడేట్టు, విడివిడిగా దాచటం మంచిదని తేలింది. పాడవుతున్న పీవీసీ వదిలే ఆవిరి పక్కనున్న లోహాన్ని తినేస్తుంది. రబ్బరులో గంధకం వుంటుంది, అది వెండిని నల్లబరుస్తుంది.

ఈ చివరి ముక్క మన ఇళ్ళకు కూడా వర్తిస్తుంది. పాప వెండి పట్టీలో, కుంకుమ భరిణో, వెండి గొలుసో చిక్కుపడకుండా రబ్బరు బ్యాండు చుట్టి పెట్టెలో పెట్టిన వాళ్ళుంటే ఇవాళే తీసేయండి. చుట్టిన చోటల్లా నల్లటి గీత పడుతుంది. పాత ప్లాస్టిక్కు సంచుల్లో కూడా వుంచకండి. ఉతికి ఆరిన మెత్తటి నూలుగుడ్డలో ఒక్కొక్కటీ విడిగా చుట్టి పెట్టుకుంటే చాలు.